మడమల అచ్చు

"ఆదివారం దాకా పూయొద్దని చెప్తాండా గదా, ఎన్నిసార్లు చెప్పల్ల?" అన్నాడు రామాంజనేయులు.

పొద్దున లేచినప్పటి నుంచి ఇదే గొడవ. నిన్నా ఇదే. చౌడేశ్వరి జవాబు చెప్పకుండా అత్త ముందర కూర్చుంది. ఆమె చేతిలో చిన్న ఇత్తడి గిన్నె ఉంది. తేనెమైనం, ఆముదం కలిపి కరిగించి, చిటికెడు పసుపు వేసి దించింది. గడ్డకట్టకముందే అత్త మడమల పగుళ్లలోకి పోయాలి. నిన్న కాచింది ఈ వాదనలోనే గడ్డకట్టిపోతే గీకి పారేసింది.

"ఆదివారానికి ఈమె నడవగలిగితే గదా. రాత్రి దుప్పటికి నెత్తుర్లు అంటినాయి, చూసినావా?"

"చూసినా. అందుకే వద్దంటాండా. మైనం పోస్తే పూడిపోతాయి. అచ్చులో ఏం పడతాది, నున్నగా?"

గడప మీద కూర్చుని కాళ్లు ఎండలోకి చాపుకున్న హనుమక్క, తన గురించి ఇద్దరు కొట్లాడుకుంటున్నందుకు లోపల్లోపల సంతోషపడుతూనే, కొడుకు వైపే మాట్లాడింది.

"వాని మాట విను చౌడమ్మా. నా కొడుక్కు పనికొచ్చేది నా దగ్గర ఇంకేముండాది? పగుళ్లే గదా. తీసుకోనీ."

రామాంజనేయులు గిన్నె అందుకుని అటక మీద పెట్టి బడికి పోయాడు.

అతను గుత్తిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు మాస్టరు. సాయంత్రం ఇంటికి వచ్చి వెనక గదిలో బొమ్మలు చేస్తాడు. అవి గోడకు తగిలించే బొమ్మలే కాని, మామూలు పటాల్లా చదునుగా ఉండవు. ప్లైవుడ్ చెక్క మీద గోనెపట్ట, వేరుశనగ పొట్టు, ఎర్రమట్టి, కుండ పెంకులు బంకతో అతికించి, సుద్దతో ఎత్తులు తేల్చి, ఆ పైన రంగు వేస్తాడు. ఎదురుగా నిలబడితే బొమ్మ చెక్కలోంచి జానెడు ముందుకు వచ్చి మన మీద పడేట్టు ఉంటుంది. అందులో ఏదీ అదిగా ఉండదు. పగ్గం అంటే పగ్గం కాదు, రైతు మెడ. పెంకు అంటే ఆకలి. కంప అంటే ప్రభుత్వం. దీన్ని మిక్స్‌డ్ మీడియా అంటారని పెళ్లయిన కొత్తలో అతను చెబితే చౌడేశ్వరి శ్రద్ధగా విన్నది. వీధిలో ఎవరైనా కాయలు ఒలిస్తే పొట్టు అడిగి తెచ్చి ఇచ్చింది కూడా.

తరువాత ఒకరోజు అతను కటికంగడి వెనక నుంచి మేక తలకాయ తెచ్చాడు. బుర్ర మీద ఇంకా కండ ఉంది. అది ఊడి రావడానికి, ఆమె ఇంట్లో లేనప్పుడు, అన్నం గిన్నెలో వేసి ఉడకబెట్టాడు. గిన్నె తోమి యథాస్థానంలో బోర్లించాడు కూడా. కడుగు నీళ్లలో వెంట్రుకలు తేలితే గాని ఆమెకు తెలియలేదు. అప్పటికి దానిలో రెండు పూటలు వండింది. ఆ రోజు నుంచి వెనక గది తలుపు తెరిస్తే ఆమెకు గొంతులో పుల్లగా అవుతుంది. కూతురు గంగాదేవి పదో తరగతి. స్నేహితుల్ని ఇంటికి రానివ్వదు. వాసన వస్తుందని వీధి చివరే నిలబెట్టి మాట్లాడి పంపుతుంది.

ఆ ఏడు వానల్లేవు. హనుమక్క పెద్ద కొడుకు కుళ్లాయప్ప ఊర్లోనే సేద్యం చేస్తాడు. వేసిన వేరుశనగ చెట్టు కాయ పట్టకుండా మాడిపోతే, చలికాలం మొదట్లో హనుమక్క చిన్న కొడుకు ఇంటికి వచ్చింది. డెబ్బై ఏళ్లు చెప్పులు లేకుండా నడిచిన కాళ్లు. మడమల పగుళ్లలో రూపాయి బిళ్ల నిలబడుతుంది. చక్కెర జబ్బు కూడా ఉంది. కాలికి చిన్న దెబ్బ తగిలినా మానదు, జాగ్రత్తగా చూసుకొమ్మని ఆస్పత్రిలో నర్సమ్మ చౌడేశ్వరికే చెప్పి పంపింది. అందుకే రోజూ పడుకునే ముందు వేడినీళ్లలో కాళ్లు నానబెట్టించి, తుడిచి, మైనం పోసేది. కొంచెం కొంచెంగా పూడుతున్నాయి కూడా.

అప్పుడే రామాంజనేయులు వాటిని చూశాడు. అమ్మ ఇంటికి వచ్చిన ఇన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, ఆమె నిద్రపోతుండగా, మంచం కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "ఎండిన చెరువు చూడు," అని చౌడేశ్వరిని పిలిచి చూపించాడు. కెమెరా తెచ్చి ఫొటోలు తీశాడు. మరుసటి రోజు నుంచి వేడినీళ్లు వద్దన్నాడు, మైనం వద్దన్నాడు, గచ్చు మీద కాకుండా పెరట్లో మట్టిలో నడవమన్నాడు. హనుమక్క నడిచింది. పగుళ్లు విచ్చుకున్నాయి.

శనివారం నాడు చౌడేశ్వరి చూసింది. అతను అమ్మ మడమను రెండు బొటనవేళ్లతో పట్టి, పగులును కొంచెంగా విడదీశాడు. లోపల ఎర్రగా తడి కనిపించింది. గుడ్డపీలికతో అద్ది, కిటికీ దగ్గరికి పోయి, ఒక రంగు గొట్టం పక్కన పెట్టి పోల్చి చూశాడు. నొస్తుందా అని అడగలేదు. హనుమక్క పెదవి కరుచుకుని నవ్వుముఖమే పెట్టింది. కాసేపటికి అతను వచ్చి పళ్లెం ముందర కూర్చుని అదే చేత్తో ముద్ద కలిపాడు. చేయి కడుక్కున్నాడేమో, చౌడేశ్వరి చూడలేదు. ఆ పూట ఆమె తినలేదు.

ఆదివారం అచ్చు తీశాడు. రెండు అట్టపెట్టెల్లో సుద్దపిండి, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, కలిపి పోసి అందులో అమ్మ పాదాలు ఉంచాడు. మామూలుగా ఇలాంటి పనికి ముందు నూనె రాస్తారు, సులువుగా ఊడి వచ్చేందుకు. నూనె రాస్తే సన్నగీతలు పడవని రాయలేదు. హనుమక్కకు మొదట చక్కిలిగిలి అయింది.

"చూడండమ్మా, నా కొడుకు నా కాళ్లు పట్టుకుంటాండాడు. ఏం తప్పు చేసినాడో ఏమో," అని ప్రహరీ అవతల మదీనాబీకి వినిపించేట్టు అన్నది. మదీనాబీ నవ్వింది.

సుద్ద గట్టిపడుతూ వేడెక్కింది. కాగుతుందిరా అని ఆమె అంటే, కదలొద్దమ్మా, ఇంకొంచెంసేపు అని అతను మోకాళ్లు అదిమి పట్టుకున్నాడు. చివరికి పెట్టె చించి లాగేటప్పటికి ఆమె ముఖం మాడిపోయింది. అరవలేదు. సుద్ద ఊడి వచ్చింది. దానితోపాటు మడమల అంచుల నుంచి తోలు పేలికలు పేలికలుగా వచ్చింది. రామాంజనేయులు అచ్చును వెలుగుకు పట్టి చూసి, చర్మమే వచ్చిందని మురిసిపోయాడు. ఎంత పేరున్నవాళ్లకైనా ఇట్లాంటి మెటీరియల్ దొరకదట. పట్టుకారుతో ఆ పేలికల్ని ఒక్కొక్కటే తీసి గాజుపలక మీద ఆరబెట్టాడు. అవి వంటింటి కిటికీలోంచి కనిపిస్తూ ఉంటే చౌడేశ్వరి ఆ కిటికీ మూసేసింది. మూసినా అవి అక్కడున్నట్టే ఉంది. చెంచాతో ఊరగాయ తీస్తున్నా, పాల మీద మీగడ తీస్తున్నా అవే గుర్తుకొచ్చేవి.

ఆ సాయంత్రం మైనం పోయబోతే హనుమక్క కాలు వెనక్కి లాక్కుంది. మంటకు తట్టుకోలేకపోయింది. వారం తిరిగేలోగా ఎడమ మడమ నల్లబడి, చీము పట్టి, ఇంట్లో కొత్త వాసన మొదలైంది. చౌడేశ్వరి ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు పుండు కడుగుతూ, లోపల ఈ తెల్లది ఏమిటని అడిగాడు. ఆమె నోటికి నిజం రాలేదు. మొగుడు సొంత తల్లి కాళ్లను సుద్దలో పెట్టాడని ఎట్లా చెప్పడం? సున్నం తొక్కిందని చెప్పింది. డాక్టరు ముసలామెను కసిరాడు. ఈ వయసులో చూసుకుని నడవొద్దా, చక్కెర తగ్గకపోతే కాలు తీసేయాల్సి వస్తుంది అన్నాడు. హనుమక్క తప్పు తనదే అన్నట్టు తల ఊపింది.

అప్పటి నుంచి రోజు మార్చి రోజు కట్టు. చౌడేశ్వరే విప్పేది, చౌడేశ్వరే కట్టేది. చీము వాసనకు ఆమెకు అసహ్యం వేయలేదు. అది మనిషి వాసన. వెనక గదిలో నుంచి వచ్చే వార్నిషు వాసనకు మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. రామాంజనేయులు రెండు వాసనలకూ కలిపి అగరుబత్తులు వెలిగించేవాడు. కట్టు విప్పేటప్పుడు ఆ పక్కకు వచ్చేవాడు కాదు. చీము చూడలేనని, తనది సున్నితమైన మనసని ఒకసారి అన్నాడు.

బొమ్మ పూర్తయ్యాక దాని ఫొటోలు పట్టుకుని బెంగుళూరు పోయి వచ్చాడు. అక్కడ బొమ్మలు కొనేవాళ్లు చాలా మెచ్చుకున్నారని, అనంతపురంలో ప్రదర్శన పెడితే చూడ్డానికి కార్లో వస్తామన్నారని చెప్పాడు. ప్రదర్శన ఉగాది దాటిన వారానికి కుదిరింది. అమ్మను మాత్రం రావద్దన్నాడు. బస్సులో ఎవరన్నా కాలు తొక్కుతారన్నాడు, కట్టు తడుస్తుందన్నాడు, హాలులో కూర్చోవడానికి వీలుండదన్నాడు.

"నా కాళ్లు పోతాండాయి, నేను పోగూడదా?" అన్నది హనుమక్క.

 ప్రదర్శన రోజు ఊరి నుంచి కుళ్లాయప్ప వచ్చాడు. తమ్ముడు తెల్లవారే పోయాడని తెలిసి, అమ్మ అడుగుతోంది కదా, చూపిస్తే ఏం పోయిందని ఆమెను బస్సు ఎక్కించాడు. గంగాదేవి రానంది. అనంతపురంలో దిగాక హాలు మెట్ల మీదుగా కుళ్లాయప్ప తల్లిని చేతుల్లో ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. వెనకాల చౌడేశ్వరి కట్టుగుడ్డల సంచీతో నడిచింది.

రామాంజనేయులు వాళ్లను చూసి తెల్లబోయాడు. ఇంకెవరూ గమనించకముందే ఒక కుర్చీ లాగి, బొమ్మకు దూరంగా స్తంభం పక్కన వేసి, ఇక్కడే ఉండండి, ఎవరితోనూ మాట్లాడొద్దు అని గబగబా చెప్పి వెళ్లిపోయాడు. కుళ్లాయప్ప టీ తాగడానికి బయటికి పోయాడు.

బొమ్మ తలుపంత ఉంది. నల్లటి ఎరుపు మట్టి, అందులో వేళ్లు పైకి లేచిన శనగచెట్లు, నడిమధ్య రెండు అరికాళ్లు చూసేవాళ్ల వైపు తిరిగి బయటికి పొడుచుకు వచ్చాయి. పగుళ్లలో ఎర్రటి వార్నిషు ఇంకా తడి ఉన్నట్టు మెరుస్తోంది. అంచుల్లో తోలు లేచి ఉంది. అది కాగితమనో బంకనో అందరూ అనుకుంటారు. అది ఏమిటో చౌడేశ్వరికి తెలుసు.

"ఇంత పెద్దగా ఉండాయా నా కాళ్లు," అన్నది హనుమక్క, కళ్లు చికిలించి. ఆమెకు బాగానే అనిపించినట్టుంది.

జనం వస్తున్నారు, పోతున్నారు. మంచి చీర కట్టుకున్న ఒకామె చిటికెన వేలు పగులులో పెట్టి లోతు చూసింది. పక్కనామెను కూడా పెట్టి చూడమంది. చౌడేశ్వరికి తన మడమల్లోనే ఎవరో వేలు పెట్టినట్టయింది. కాలివేళ్లు ముడుచుకుని నిలబడింది.

కాసేపటికి బెంగుళూరు వాళ్లు వచ్చారు. నడివయసు మొగుడూ పెళ్లాలు. ఆమె బొమ్మ ముందుకు పోయి చెప్పులు విడిచి నమస్కారం పెట్టింది. కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ స్తంభం దగ్గరికి వచ్చి కన్నడంలో మాట్లాడుకోసాగారు. హనుమక్క పుట్టిల్లు కర్ణాటక సరిహద్దులోని గుమ్మఘట్ట దగ్గర. పెళ్లయ్యేదాకా ఆమెకు తెలుగు కంటే కన్నడమే ఎక్కువ. చౌడేశ్వరిదీ ఆ పక్కే. ఇద్దరికీ ప్రతి మాటా అర్థమైంది.

ఆ మనిషి భార్యతో అంటున్నాడు. తల్లి శవాన్ని ఎత్తకముందు తీసిన అచ్చు అట అది, వాడి చేతులు ఎట్లా ఆడాయో.

హనుమక్క తల తిప్పి చూసింది.

"యార తాయి?" అని అడిగింది. ఎవరి తల్లి అని.

తమ భాష వినిపించేసరికి బెంగుళూరామె ఆప్యాయంగా వంగింది. ఈ బొమ్మ చేసినాయన తల్లి అని చెప్పింది. ఈ చలికాలంలోనే పోయిందట. కరువుకు తిండి లేక పోయిందట. పోయిన నెల తమ ఇంటికి వచ్చినప్పుడు ఆయన చెబుతూ ఏడ్చాడట, తాము కూడా ఏడ్చామట. చెబుతుంటేనే ఆమె కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి.

హనుమక్క ఆ కన్నీళ్లను చూసింది. కట్టు కట్టిన పాదాన్ని మెల్లగా చీర కుచ్చిళ్ల లోపలికి తీసుకుంది. అయ్యో పాపం, మంచి కొడుకు, అని కన్నడంలోనే అన్నది.

 అప్పటికే రామాంజనేయులు దూరం నుంచి చూసి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. బెంగుళూరాయన ముసలామెను చూపించి, ఈమె ఎవరు, మన భాష ఎంత బాగా మాట్లాడుతున్నారు అన్నాడు. రామాంజనేయులు ఒక చేయి తల్లి కుర్చీ వీపు మీద వేశాడు. ఆ చేతి గోళ్లలో ఎర్రరంగు ఉంది.

"మా ఊరామె," అన్నాడు కన్నడంలో.

అని తల్లి ముఖంలోకి చూశాడు. బడిలో దొంగతనం చేసి దొరికినవాడు, చెప్పొద్దని బతిమాలేటట్టు చూశాడు. హనుమక్క అతని వైపు చూడలేదు. బెంగుళూరు వాళ్లకు రెండు చేతులూ జోడించి, అవునని తల ఊపింది.

తిరుగు బస్సులో కుళ్లాయప్ప ఆ ఏటి పశువుల సంత గురించి మాట్లాడుతూ ఉన్నాడు. హనుమక్క కిటికీలో నుంచి బీళ్లు చూస్తూ కూర్చుంది. నొస్తుందా అని చౌడేశ్వరి అడిగితే లేదన్నది. గుత్తి దగ్గరపడ్డాక పెద్ద కొడుకును పక్కన కూర్చోమని, హాలులో విన్నదంతా తక్కువ మాటల్లో చెప్పింది. అతను కోపంతో లేవబోతే మోకాలి మీద చేయి వేసి కూర్చోబెట్టింది. ఇంట్లో చెప్పుకుందాం అన్నది.

రామాంజనేయులు దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. స్వీటు పొట్లం తెచ్చాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి అతనికి ధైర్యం వచ్చినట్టుంది. అందరూ కింద వరసగా కూర్చున్నారు. హనుమక్కను మాత్రం మంచం మీద కూర్చోబెట్టి, చౌడేశ్వరి సంగటి వడ్డిస్తోంది. అతనే మొదలుపెట్టాడు. బొమ్మను బెంగుళూరు వాళ్లు తీసుకుంటున్నారట. అదొక్కటే కాదు, తల్లి అనే వరుసలో ఇంకా కావాలట. తరువాత చేతులు. ఆ తరువాత ఎండిపోయిన రొమ్ము. నేలతల్లి రొమ్ము ఎండిపోయిందని దానికి అర్థం. అమ్మ ఒప్పుకుంటే అచ్చు తీయడం పెద్ద పని కాదు, ఈసారి నూనె రాసే తీస్తానన్నాడు.

గంగాదేవి తింటున్న ముద్ద పళ్లెంలో వదిలేసి గోడవైపు తిరిగింది.

"సిగ్గు ల్యాదారా నీకు?" అన్నాడు కుళ్లాయప్ప. "బతికుండే మనిషిని సంపితివే."

"అన్నా, నీకు అర్థం కాదు. అది సింబల్. ఆ బొమ్మలో ఉండేది మా అమ్మ కాదు, రైతుతల్లి. పోయిందని చెప్తేనే ఆ పాదాలకు బరువొస్తాది. బతికుండాది, మా ఇంట్లోనే సంగటి తింటాండాదని చెప్తే ఎవరు నిలబడి చూస్తారు?"

చౌడేశ్వరి చేతిలోని గరిటె గిన్నెలో పెట్టేసింది.

"పుండులో ఉండేది నీ సుద్దే," అన్నది. "డాక్టరుకు సున్నం అని అబద్ధం చెప్పినా. రేపు పోయి నిజం చెప్తా. ఈమె చేతులు గానీ ఇంకోటి గానీ ముట్టుకుంటే ఆ గదికి నేనే తాళం వేస్తా."

"ముట్టుకోవద్దంటే ముట్టుకోను. అమ్మే చెప్పనీ. అమ్మకు ఇష్టమే."

అందరూ మంచం వైపు చూశారు. హనుమక్క మెల్లగా నమిలి మింగింది. నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం లేదు.

"కాళ్లు అడిగితివి, ఇచ్చినా. నొప్పి అయినా నొప్పి అనలేదు. ఆడ నన్ను ఊరామె అంటే అట్లే కానీలే అని దండం పెట్టినా. నలుగురిలో నీ మర్యాద పోగూడదని."

"అమ్మా, అది..."

"ఉండు. ఒకమాట అందరి ముందర చెప్తాండా. మల్ల తగాదా వద్దు." ఆమె కుళ్లాయప్పను, కోడలిని, మనవరాలిని ఒకరి తరువాత ఒకరిని చూసింది. "తండ్రికి పెద్దోడు, తల్లికి చిన్నోడు అని మన ఇండ్లల్లో లెక్క. మీ నాయనకు కుళ్లాయప్ప కొరివి పెట్టినాడు. నాకు నువ్వు పెట్టల్ల. అందుకే నీ ఇంటికొచ్చి ఉండా. అయితే నువ్వు ముందే సంపి, ముందే ఏడ్చి, అందరినీ ఏడిపించి వచ్చినావు. ఒక తల్లికి రెండుసార్లు ఏడిసేది యాడా ల్యాదు."

రామాంజనేయులు పళ్లెం పక్కకు జరిపాడు.

"నేను ఈడనే ఉంటా. చౌడమ్మ కట్టు కడతాది, ఆస్పత్రికి తీసుకపోతాది. ఆ పొద్దు వచ్చినప్పుడు మాత్రం నాకు కొరివి పెట్టేది కుళ్లాయప్ప."